ఊట నుంచి కుళాయి దాకా: కొండ గూడేలకు గ్రావిటీ నీళ్ల పథకం లెక్కలు

విశాఖ ఏజెన్సీలో (మన్యంలో) పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు, అనంతగిరి వైపు కొండవాలు గూడేల్లో బోరు లారీ ఎక్కలేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఎక్కినా ఆ రాయిలో నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పడితే మోటారు కావాలి, మోటారుకి కరెంటో సోలార్ పలకలో కావాలి, పాడైతే బాగుచేసే మనిషి కింద మండల కేంద్రం నుంచి రావాలి. అదే ఊరికి పైన, ఎండాకాలంలో కూడా ఆగకుండా పారే ఊట గెడ్డ (వాగు) ఉంటుంది. తూర్పు కనుమల్లో ఎత్తయిన కొండల నెత్తిన పుచ్చిపోయిన ఖోండలైటు రాయి, దాని మీద లేటరైటు పొర వర్షపు నీటిని స్పాంజిలా పీల్చుకుని ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదులుతాయి. ఆ నీటిని పైపులో పెట్టి ఊరికి దించడమే గ్రావిటీ పథకం. బిల్లు రాదు, మోటారు కాలదు.

అయినా ఇలాంటి పథకాలు రెండు మూడేళ్లకే మూలపడటం చూస్తుంటాం. ట్యాంకు నిలబడే ఉంటుంది, కుళాయి దిమ్మలు ఉంటాయి, నీళ్లు మాత్రం రావు. చాలాసార్లు తప్పు సిమెంటులోనూ ఉండదు, పైపు నాణ్యతలోనూ ఉండదు. ఎత్తులు కొలవకుండా పైపు కొనడంలో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ట్యాంకు కట్టడం గురించి తక్కువ, పైపు లెక్క గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఊటను కొలవాలి

కొలవాల్సింది ఎండలు ముదిరాక, తొలకరి జల్లు పడకముందు. ఏజెన్సీ లెక్కలో చెప్పాలంటే ఎండాకాలంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండగ రోజుల్లో, ఇంకా వాన పడకముందు. కార్తీకంలో కొలిస్తే ఏ ఊట అయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి పథకం రాస్తే ఏప్రిల్‌లో ఊరు బిందెలు పట్టుకుని మళ్లీ గెడ్డకే నడుస్తుంది.

కొలత పద్ధతి తేలిక. ఊట కింద బంకమట్టితో చిన్న అడ్డుకట్ట వేసి, నీరంతా ఒక పైపు ముక్కలోంచి పడేలా చెయ్యాలి. పక్కనుంచి కారిపోతే లెక్క తప్పుతుంది. దాని కింద 20 లీటర్ల పెయింటు బకెట్టు పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడాలి. ఐదుసార్లు కొలిచి సగటు తీయాలి. 50 సెకన్లు పట్టిందంటే సెకనుకి 0.4 లీటరు. వానలు తక్కువ పడే ఏడాది కోసం అందులో ఐదో వంతు పక్కన పెడితే 0.32 మిగులుతుంది. పథకానికి 0.3 అనుకుందాం. రోజుకి 25,920 లీటర్లు.

ఇప్పుడు ఊరి అవసరం. నలభై ఇళ్లు, రెండొందల మంది అనుకుందాం. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు కాబట్టి 11,000 లీటర్లు. ఊరు పెరిగి 250 మంది అయితే 13,750. కారుడు, వృథా కలిపి 16,000 పెట్టుకోవచ్చు. ఊట ఇచ్చేది అంతకంటే ఎక్కువే కాబట్టి ఈ ఊరికి ఈ ఊట చాలుతుంది. మిగిలింది పశువుల తొట్టికి, పెరటి కూరపాదులకి.

ఇక్కడే ఆగి చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ ఊట నీళ్లు ఇప్పటికే ఎవరివో కావచ్చు. కింద మెట్ల మడుల్లో వరి పండించే వేరే ఊరివాళ్లు దాని మీద ఆధారపడి ఉంటే, పైపు వేసిన మొదటి ఎండాకాలమే ఎవరో ఒకరు కత్తితో పైపు కోస్తారు. రెండు ఊళ్ల పెద్దల్ని ఊట దగ్గరే కూర్చోబెట్టి, ఎంత తీసుకుంటున్నామో బకెట్టుతో చూపించి, మిగులు నీరు ఎటు వదలాలో అక్కడే తేల్చుకోవాలి. పైపు అడవి భూమిలోంచి వెళ్తుంటే 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2) కింద తాగునీటి పైపులైన్లకు వీలుంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకు మించి నరకకూడదు, గ్రామసభ తీర్మానం తప్పనిసరి. ఆ తీర్మానం పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి.

జలని అదిలించకూడదు

ఊట తొట్టి కట్టేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు నీటి మట్టం పెంచడం. ఎక్కువ నీళ్లు నిలవాలని జల బయటికొచ్చే చోట ఎత్తయిన గోడ కడతారు. లోపల నీరు పైకి లేచేకొద్దీ అది జల మీద ఎదురు ఒత్తిడి పెడుతుంది. నీరు తేలికైన దారి వెతుక్కుంటుంది. పది అడుగుల పక్కన, ఇంకో బండ సందులోంచి బయటపడుతుంది. లక్షలు పోసి కట్టిన తొట్టి ఎండిపోతుంది. కాబట్టి తొట్టి పొంగు పైపు ఎప్పుడూ జల సహజంగా బయటికొచ్చే మట్టంలో గానీ, దానికంటే కొంచెం కింద గానీ ఉండాలి. నిల్వ చేసే పని ఊళ్లో ట్యాంకుది.

తవ్వకం చేత్తోనే చెయ్యాలి. గట్టి రాయి లేదా బంకమట్టి పొర తగిలేదాకా వాలులోకి తవ్వి, జల ఎన్నిచోట్ల కారుతుందో చూసుకోవాలి. మందుగుండు అసలు పెట్టకూడదు, రాయి పగుళ్లు మారితే జల దారి కూడా మారుతుంది. వెనక వైపు గోడ కట్టరు, అటునుంచే నీరు రావాలి. జల ముందు కడిగిన 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర పేర్చి, దానికి ముందు మూడు వైపులా గోడ లేపాలి. కంకర మీద ప్లాస్టిక్ పట్టా, పట్టా మీద అడుగు మందాన తొక్కిన బంకమట్టి, ఆపైన మట్టి వేసి గడ్డి పెంచాలి. పై నుంచి వాన నీరు నేరుగా తొట్టిలోకి దిగకుండా ఉండటానికే ఇదంతా.

తొట్టికి మూడు పైపులు. ఊరికి వెళ్లే పైపు అడుగు నుంచి 10–15 సెంటీమీటర్లు పైన, జల్లెడతో. పొంగు పైపు దోమతెర బిగించి. అడుగున కడుగుడు పైపు, చేతికి అందే మూతతో. ఊరికి వెళ్లే పైపు మీద వాల్వు పెడితే, వాల్వు దాటిన వెంటనే సన్నటి జీఐ (జింకు పూత ఇనుప) గాలి గొట్టం ఒకటి తొట్టి మట్టం కంటే పైకి లేపి నిలబెట్టాలి. ఇది చాలా చోట్ల మర్చిపోతారు. వాల్వు మూసినప్పుడు కింద పైపులో నీరు జారిపోతూ వెనకాల శూన్యం వదులుతుంది. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే పల్చటి నల్ల ప్లాస్టిక్ (హెచ్‌డీపీఈ) పైపు నొక్కుకుపోతుంది, అతుకుల్లోంచి బురద నీరు లోపలికి లాగుతుంది.

తొట్టికి ఎగువన ఎనిమిది పది మీటర్ల దూరంలో వాన నీటిని పక్కకి మళ్లించే కాలువ, దానికి అవతల కంచె. ఆ కంచెలో పశువులు మేయకూడదు. ఎగువన కనీసం 30 మీటర్ల దాకా మరుగుదొడ్డి గానీ, ఎరువు వేసే పొలం గానీ ఉండకూడదు. ఊట చుట్టూ చెట్లు ఉండాలి గానీ తొట్టికి ఆనుకుని ఉండకూడదు. వేళ్లు కంకరలోకి దిగి పైపు నోట్లో జడలు కడతాయి.

ఎత్తులు కొలిచేది ఫోనుతో కాదు

ఫోనులో జీపీఎస్ చూపించే ఎత్తు పది మీటర్లు ఇటూ అటూ తేలిగ్గా తప్పుతుంది. ఈ పథకంలో ఒక్కోచోట మొత్తం ఆట ఆ పది మీటర్లలోనే ఉంటుంది. ఆటో లెవెల్ (సర్వేవాళ్లు ఎత్తులు చూసే పరికరం) దొరికితే మంచిది. లేకపోతే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. 20 మీటర్ల పారదర్శకపు గొట్టం, రెండు కర్రలు, ఒక టేపు. గొట్టంలో గాలి బుడగ ఉంటే మట్టం అబద్ధం చెబుతుంది కాబట్టి నింపాక పట్టి చూసుకోవాలి. ఊట నుంచి ట్యాంకు దాకా ఒకసారి, తిరిగి ట్యాంకు నుంచి ఊట దాకా ఇంకోసారి కొలవాలి. రెండు లెక్కల మధ్య తేడా మీటరు దాటితే మళ్లీ మొదలు.

మన ఊరికి కొలత ఇలా వచ్చిందనుకుందాం. ఊట 985 మీటర్ల ఎత్తులో. కిందికి దిగితే గెడ్డ దాటే పల్లం 920. అక్కడి నుంచి మళ్లీ ఎక్కి, ఊట నుంచి 600 మీటర్ల దూరంలో ఒక మిట్ట, 975. ఆపైన దిగుడే దిగుడు, ఇంకో 1,200 మీటర్లకి ట్యాంకు, 900. మొత్తం 1.8 కిలోమీటర్లు, 85 మీటర్ల దిగుడు.

85 మీటర్ల దిగుడు చూసి ఎవరైనా సంబరపడతారు. కానీ ఈ పథకం బతుకు ఆ 975 మిట్ట దగ్గర తేలుతుంది. అక్కడిదాకా మన చేతిలో ఉన్నది పది మీటర్లే.

నీరు పైపులో పారేటప్పుడు రాపిడికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. హేజెన్–విలియమ్స్ సూత్రంతో, నల్ల పైపు నునుపుకి 140 గుణకం వేసి, సెకనుకి 0.3 లీటరుకి లెక్క కడితే ఇలా వస్తుంది. 25 మిల్లీమీటర్ల పైపులో (ఇది బయటి వ్యాసం, లోపల సుమారు 21) కిలోమీటరుకి 50 మీటర్లు ఖర్చు. 32 పైపులో (లోపల 28) 12 మీటర్లు. 40 పైపులో (లోపల 36) 3.6 మీటర్లు. 63 పైపులో (లోపల 57) అర మీటరు కూడా కాదు. లోపలి వ్యాసం గోడ మందాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొనే పైపుకి కాలిపర్ పెట్టి చూసుకుని లెక్క సరిచేసుకోవాలి. వ్యాసం సగమైతే ఖర్చు దాదాపు 29 రెట్లు. అందుకే ఒక్క సైజు తేడా పథకం తలరాత మార్చేస్తుంది.

మిట్ట దాకా 600 మీటర్లు. 25 వేస్తే 30 మీటర్లు కావాలి, ఉన్నవి పది. అనుకున్న 0.3 లీటరు మిట్ట దాటదు. 32 వేస్తే 7.4 పోయి 2.6 మిగులుతుంది. లెక్క మీద దాటినట్టే కనిపిస్తుంది గానీ కొలతలో చిన్న తప్పు, పైపులో కాస్త మడ్డి చాలు, ఆగిపోవడానికి. 40 వేస్తే 2.2 పోయి 7.8 మిగులుతుంది. కాబట్టి మిట్ట దాకా 40. మిట్ట దాటాక 32 చాలు, అక్కడ దిగుడు పుష్కలం.

మరి అనుమానం లేకుండా మొత్తం 63 వేసేస్తే? అంచనాల్లో తరచు కనిపించేది ఇదే. లావు పైపు వేస్తే ఎక్కువ నీళ్లు వస్తాయన్న నమ్మకం. కానీ నీళ్లిచ్చేది ఊట. మిట్ట దాకా ఉన్న పది మీటర్ల దిగుడుకే 63 పైపు సెకనుకి 2 లీటర్లకు పైగా మోయగలదు, ఊట ఇచ్చేది 0.3. పైపు తాగే వేగానికి తొట్టి ఖాళీ అయి, నీటితో పాటు గాలి కూడా పైపులోకి దూరుతుంది. దిగుడు భాగంలో నీరు అడుగున సన్నటి కాలువలా జారుతుంది, పైన అంతా గాలే. ఆ గాలి మిట్టల దగ్గర గడ్డకట్టి కూర్చుంటుంది. కుళాయి దగ్గర నీళ్లు కాసేపు వస్తాయి, బుస్సుమంటాయి, ఆగుతాయి, మళ్లీ వస్తాయి. పైగా లావు పైపులో నీటి వేగం సెకనుకి 12 సెంటీమీటర్లే. సన్న ఇసుక, మడ్డి కదలకుండా పల్లాల్లో పేరుకుపోతాయి. ఇసుకని తోసుకుపోవాలంటే వేగం సెకనుకి 0.7 మీటరు దాకా ఉండాలంటారు. ఇంత చిన్న పథకాల్లో అది ఎలాగూ కుదరదు కనుక ఊట తొట్టి దగ్గరే మడ్డి దిగిపోయేలా చేసుకోవాలి.

పైపు నిండుగా ఉండాలి, పగలకూడదు

గాలి చొరబడకుండా ఉండాలంటే పైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి. అందుకు కింది చివర వాల్వు పెట్టి, ఊట తొట్టిలో పొంగు పైపు నుంచి కొద్దిగా కారుతూ ఉండేదాకా బిగించాలి. తొట్టి పొంగుతోందంటే పైపు నిండుగా ఉన్నట్టు. దీనికి గేటు వాల్వు వాడొద్దు. సగం తెరిచి ఉంచితే దాని బిళ్ల అదురుతూ అరిగిపోతుంది. గ్లోబు వాల్వు ఈ పని కోసమే ఉంది.

నిండిన పైపులో ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరుకి ఒక కిలో. పీఎన్ 6 అని రాసి ఉన్న పైపు 60 మీటర్లు ఓర్చుకుంటుంది. 985 నుంచి 900కి ఒకే పైపు వేసి కింద ఎవరైనా వాల్వు మూసేస్తే 85 మీటర్లు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు మూస్తారు. నీరు పారేటప్పటి ఒత్తిడి చూసి పైపు ఎంచితే సరిపోదు, అంతా మూసినప్పటి ఒత్తిడికే ఎంచాలి.

దీనికి మార్గం మధ్యలో బ్రేక్ ప్రెషర్ తొట్టి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న మామూలు సిమెంటు తొట్టి. నీరు అందులో పడగానే ఒత్తిడి సున్నా అవుతుంది, అక్కడి నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది. మన ఊరికి 935 ఎత్తులో ఒకటి కడితే పైన 50 మీటర్లు, కింద 35 మీటర్లు. రెండూ పీఎన్ 6 లోపే. ఇక మిగిలింది గెడ్డ దాటే పల్లం. అక్కడ 985 లోంచి 920 తీస్తే 65 మీటర్లు. పైపు దారిలో బ్రేక్ ప్రెషర్ తొట్టి ఆ పల్లం దాటాకే వస్తుంది కాబట్టి పల్లానికి దానివల్ల ఉపయోగం లేదు. ఆ పల్లం ముక్కకి పీఎన్ 10 వెయ్యాలి. బండ మీద పాతిపెట్టడం కుదరకపోతే అంత మేర జీఐ. నీలం గీత ఉన్న మీడియం రకం తీసుకోవాలి, పసుపు గీతది పల్చన. జీఐని కూడా అవసరమైన చోటే వాడాలి. కొండ ఊట నీళ్లలో లవణాలు తక్కువ, కొన్నిచోట్ల పీహెచ్ 6.5 కంటే దిగువన ఉంటుంది, అలాంటి నీరు జీఐని లోపలి నుంచి తినేస్తుంది.

బ్రేక్ ప్రెషర్ తొట్టిలోనూ, ట్యాంకులోనూ నీరు నిండగానే దానంతట అదే మూసుకునే ఫ్లోటు వాల్వు పెట్టాలా అని అడుగుతుంటారు. ఊటలో నీళ్లు సరిపడా ఉన్నప్పుడు వద్దనే చెబుతాను. ఫ్లోటు మూసుకున్న ప్రతిసారీ పై పైపు మీద పూర్తి ఒత్తిడి పడుతుంది, అడవి మధ్యలో ఫ్లోటు పాడైతే నెల దాకా ఎవరూ చూడరు. నీరు పొంగనివ్వండి. పొంగిన నీటిని పశువుల తొట్టికి మళ్లించండి.

మిట్ట దగ్గర గాలి వాల్వు, పల్లం దగ్గర కడుగుడు వాల్వు. ఈ రెండూ లేకుండా ఎత్తుపల్లాల్లో పైపు వేస్తే గాలికీ మడ్డికీ బయటికి దారి లేదు. ఆటోమేటిక్ గాలి వాల్వుకి డబ్బు లేకపోతే మిట్ట నెత్తిన టీ ఆకారపు జాయింటు వేసి, 15 మిల్లీమీటర్ల జీఐ ముక్క నిలబెట్టి, దానికొక కుళాయి బిగించి తాళం వేసే పెట్టెలో పెట్టొచ్చు. మనిషి నడిచి వెళ్లి తిప్పాలి, అంతే తేడా.

పాతడం, అతకడం

కొండ మీద నల్ల పైపుకి పెద్ద శత్రువు నిప్పు. పోడు కాల్చే కాలంలో బయటపడి ఉన్న పైపు మంట తగిలితే కరిగిపోతుంది. తర్వాత పందులు, గేదెల గిట్టలు, గునపాలు. కనీసం 60 సెంటీమీటర్లు, దారి దాటే చోట మీటరు లోతు పాతాలి. పైపు చుట్టూ రాళ్లు లేని మెత్తటి మట్టి వేసి, ఆపైనే తవ్విన మట్టి పొయ్యాలి. వాన నీరు కందకం వెంబడి పారి మట్టి కోసేస్తుంది కాబట్టి నిటారు వాలులో ప్రతి పది మీటర్లకీ రాళ్లతో అడ్డం కట్టాలి.

నల్ల పైపు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వంద మీటర్ల చుట్టకి 20 డిగ్రీల తేడా వస్తే 30–40 సెంటీమీటర్లు మారుతుంది. మిట్టమధ్యాహ్నం బిగుతుగా లాగి అతికిస్తే రాత్రికి అతుకు ఊడుతుంది. కందకంలో పాములా వంకరగా పరిచి, పొద్దున్న చల్లటి వేళ అతకడం మంచిది. 63 లోపు సైజులకి కంప్రెషన్ జాయింట్లు చాలు. పైపు చివర తిన్నగా కోసి, అంచు గీకి, రబ్బరు రింగు మెలిపడకుండా పూర్తిగా లోపలికి తోయాలి. పూర్తిగా దిగిందో లేదో తెలియాలంటే ముందే పైపు మీద గీత గీసుకోవాలి. సగం దిగిన జాయింటు మొదటి రోజు కారదు, వాల్వు మూసిన రోజు ఊడుతుంది.

అతుకుల మీద మట్టి కప్పకముందే పరీక్ష చెయ్యాలి. కింది నుంచి నెమ్మదిగా నింపుతూ, మిట్ట కుళాయి తెరిచి గాలి వదులుతూ, తర్వాత పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పంపుతో ఎక్కించి, ఒక్కో అతుకు చేత్తో తడిమి చూడాలి.

ట్యాంకు, ఊళ్లో పైపులు

ట్యాంకు రాత్రి నీటిని దాచడానికి. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఐదు దాకా తొమ్మిది గంటల్లో 0.3 చొప్పున వచ్చేది 9,700 లీటర్లు. కాబట్టి పదివేల లీటర్లది చాలు. 2.6 మీటర్ల వ్యాసం, 1.9 మీటర్ల నీటి ఎత్తు ఉన్న గుండ్రటి ఫెర్రో సిమెంటు (ఇనుప వల మీద సిమెంటు పూత) ట్యాంకు ఆ లెక్కకి సరిపోతుంది. ఒకటికి రెండు పాళ్ల ఇసుక, నీరు సిమెంటు బరువులో 40 శాతానికి మించకుండా, గోడ పూత మధ్యలో ఆపకుండా ఒకే రోజులో పూర్తిచెయ్యాలి. రెండు వారాలు తడి గోనెలు కప్పి ఉంచాలి. కొండ గాలికి పూత తొందరగా ఎండుతుంది, వెంట్రుక పగుళ్లన్నీ మొదటి మూడు రోజుల అశ్రద్ధవే.

ఇప్పుడు చాలామంది తలకిందులుగా చేసే పని. ఊట నుంచి లావు పైపు తెచ్చి, ట్యాంకు నుంచి ఊళ్లోకి సన్న పైపు వేస్తారు. అవసరం సరిగ్గా దానికి ఉల్టా. ఊట నుంచి రోజంతా సన్నగా వచ్చే నీటిని పొద్దున్న గంటసేపట్లో ఊరంతా పట్టుకుంటుంది. నలభై కుళాయిల్లో పదమూడు ఒకేసారి తిప్పితే, ఒక్కోటి 0.1 లీటరు చొప్పున సెకనుకి 1.3 లీటర్లు. వీధి పైపు 300 మీటర్లు అనుకుంటే 40 పైపులో 16 మీటర్ల ఒత్తిడి ఖర్చవుతుంది, 63లో రెండు మీటర్లు కూడా కాదు. ట్యాంకు పై ఇంటికంటే పది పన్నెండు మీటర్లే ఎత్తులో ఉన్నప్పుడు 40 వేస్తే పై ఇళ్లకి చుక్క రాదు. కింద ఇళ్లు బిందెలు నింపుతుంటే పై ఇళ్లవాళ్లు చూస్తూ కూర్చుంటారు. తగాదాలు ఇక్కడే పుడతాయి. లావు పైపు ఊళ్లో వెయ్యండి. కింది వీధి కొమ్మకి వాల్వు పెట్టి, పై కుళాయిలో బిందె నిండే సమయం, కింది కుళాయిలో నిండే సమయం ఒకటయ్యేదాకా బిగించండి. ఆ తర్వాత పిడి తీసేసి ఒకరి దగ్గర దాచండి.

కుళాయిలు ఇత్తడివి పెట్టండి. ప్లాస్టిక్ కుళాయి ఏడాది తిరక్కుండా విరుగుతుంది, విరిగిన చోట కర్ర ముక్క బిగిస్తారు, ఆ కర్ర ముక్కలోంచి రాత్రంతా ట్యాంకు ఖాళీ అవుతుంది.

నీరు తేటగా ఉంటే చాలదు

కప్పు వేసి కాపాడిన ఊట నీరు సాధారణంగా శుభ్రమే. అయినా హెచ్2ఎస్ సీసాతో ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా మొదటి వానలు పడ్డాక చూడాలి. 24 నుంచి 48 గంటల్లో సీసాలో నీరు నల్లబడితే మలం కలుస్తున్నట్టు అనుమానించాల్సిందే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో మలంలో ఉండే ఈ-కోలై సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనిపించకూడదు.

బ్లీచింగ్ పౌడరు విషయంలో ఒక చిక్కుంది. నింపి వాడుకునే ట్యాంకులో వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున కలిపి అరగంట ఆగితే సరిపోతుంది. ఇది రోజంతా పారుతూ ఉండే ట్యాంకు. రాత్రి వేసింది మధ్యాహ్నానికి పొంగు పైపులో కొట్టుకుపోతుంది. కాబట్టి చుక్క పద్ధతి కావాలి. 50 లీటర్ల డ్రమ్ములో 65 గ్రాముల తాజా పౌడరు కలిపి, రాత్రంతా తేర్చి, పై తేట మాత్రమే ఇంకో డ్రమ్ములోకి వంచి, నిమిషానికి 35 మిల్లీలీటర్ల చొప్పున ట్యాంకులో పడేలా సెలైన్ గొట్టం క్లిప్పుతో బిగించాలి. అడుగున సున్నపు మడ్డి ఒక్క చెంచా వచ్చినా గొట్టం మూసుకుపోతుంది. చివరి ఇంటి కుళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మిగలకపోతే పౌడరు పాతబడిందేమో చూడండి. మూత తీసిన సంచి తేమకి కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది.

ఊట కాకుండా గెడ్డ నుంచే నేరుగా నీరు తీసుకోవాల్సి వస్తే బ్లీచింగ్ ఒక్కటే చాలదు. బురద నీటిలో క్లోరిన్ పనిచెయ్యదు. స్లో శాండ్ ఫిల్టరు కట్టాలి. చదరపు మీటరు ఇసుక మీద గంటకి 0.1 నుంచి 0.2 ఘనపు మీటరు నీరు మాత్రమే దిగాలి. సెకనుకి 0.3 లీటరు అంటే గంటకి 1.08 ఘనపు మీటర్లు కావాలి కాబట్టి 2.6 మీటర్ల వ్యాసంతో రెండు తొట్లు. ఒకటి కడిగేటప్పుడు రెండోది మొత్తం మోస్తుంది. 0.15–0.35 మిల్లీమీటర్ల సన్న ఇసుక 80 సెంటీమీటర్ల లోతున. శుద్ధి చేసేది ఇసుక మీద పట్టే జిగురు పొర. అది బతికి ఉండాలంటే ఇసుక ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు దిగడం మందగించినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్లు గీకెయ్యాలి తప్ప ఇసుక మొత్తం కడగకూడదు.

నీళ్లు ఆగినప్పుడు

గూడెంలో ఒక మనిషికి ఈ పని అప్పగించి నెలకి కొంత జీతం ఇవ్వాలి, ఇంటింటి నుంచి వసూలు చేసినా సరే. ఆ మనిషి దగ్గర ఉండాల్సినవి: రెండు పైపు రెంచీలు, హాక్సా, 32, 40 సైజుల్లో నాలుగేసి కంప్రెషన్ జాయింట్లు, పది మీటర్ల పైపు ముక్క, ఇత్తడి కుళాయిలు, వాషర్లు, దోమతెర. విడి భాగం కోసం సంత రోజు దాకా ఆగితే ఊరు వారం రోజులు గెడ్డ నీళ్లు తాగుతుంది.

ట్యాంకులోకి నీరు రావడం ఆగితే పైపు వెంబడి తవ్వుకుంటూ వెళ్లక్కర్లేదు. నేరుగా ఊట తొట్టి దగ్గరికి నడవాలి. తొట్టి నిండి పొంగుతూ ఉందీ, కింద నీరు లేదూ అంటే పైపులో ఎక్కడో గాలి గానీ మడ్డి గానీ అడ్డుపడింది. తొట్టి ఖాళీగా ఉందీ, జల మాత్రం వస్తోందీ అంటే నీరు పైపులోకి వెళ్తోంది, మధ్యలో పైపు తెగింది. దిగుతూ బ్రేక్ ప్రెషర్ తొట్టి మూత ఎత్తి చూస్తే తప్పు పై సగంలోనా కింది సగంలోనా తెలిసిపోతుంది. అడ్డుపడిందని తేలితే ముందు గెడ్డ పల్లంలో కడుగుడు వాల్వు పూర్తిగా తెరిచి, బురద పోయి తేట నీరు వచ్చేదాకా, ఓ పది నిమిషాలు వదలాలి. దాన్ని మూశాక, మిట్ట మీద కుళాయి ఒక చుట్టు తిప్పి పక్కన కూర్చోవాలి. ముందు గాలి బుస్సుమని వస్తుంది, తర్వాత గాలీ నీరూ కలిసి ఉమ్ముతుంది. సన్నటి ధార ఆగకుండా వచ్చాకే కుళాయి మూయాలి.